మూసీ మురికి మీద ఎవరి సంతకం ఉంది?

హైదరాబాద్‌లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లలో పెద్ద వాటా మా నల్లగొండ జిల్లా నుంచే పోతుంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర కృష్ణ నీళ్లను ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయరులో నిలిపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పట్నానికి పంపుతారు. 2004లో మొదటి దశ, 2015లో మూడో దశ. మూడూ కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు. ఇంటికిచ్చిన నీళ్లలో 80 శాతం దాకా మురుగుగా బయటికొస్తుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. ఆ మురుగు నాలాల్లో పడుతుంది, నాలాలు మూసీలో పడతాయి, మూసీ పోచంపల్లి, వలిగొండ, కేతేపల్లి మీదుగా మళ్లీ మా దిక్కుకే వస్తుంది. చివరికి దామరచర్ల దగ్గర వాడపల్లిలో కృష్ణలోనే కలుస్తుంది.

మా దగ్గర్నుంచి పోయేవి తాగేనీళ్లు. తిరిగొచ్చేవి ఎట్లాంటివో మా ఊరి కత్వ దగ్గర కాసేపు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, వాగుకు అడ్డంగా కట్టి నీళ్లను కాల్వకు మళ్లించే చిన్న ఆనకట్టను మేం కత్వ అంటాం. మూసీ పొడుగునా ఇవి ఉన్నాయి. నీళ్లు కత్వ మీంచి దూకే చోట నురగ లేస్తుంది. తొలకరికి పట్నంలో నాలాలన్నీ ఒక్కసారి కడిగినట్టయి కిందికొచ్చినప్పుడు ఆ నురగ మనిషెత్తు పేరుకుంటుంది. గాలికి ముద్దలు ముద్దలుగా ఎగిరి బ్రిడ్జి మీద పోయే బండ్ల అద్దాలకు అంటుకుంటుంది. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు మొదటిసారి చూసి ఫొటోలు తీసుకుంటారు. వాసన ముక్కుకు తగిలాక ఫోన్ జేబులో పెట్టుకొని అద్దాలెక్కిస్తారు.

అందులోనే మా వాళ్లు నాట్లేస్తారు. మోకాలు లోతు మడిలో పొద్దంతా వంగి నాటు వేసిన ఆడవాళ్ల కాలివేళ్ల సందులు పాచిపోయి తెల్లగా ఊడొస్తాయి. మడిలో దిగే ముందు కాళ్లకు కొబ్బరినూనె పట్టించడం ఇక్కడ అలవాటైపోయింది. మూసీ మడి అంటే కూలికి రావడానికే కొందరు వెనకాడతారు, వచ్చేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువడుగుతారు, అడగడంలో తప్పేమీ లేదు. పంట చేతికొచ్చాక ఇంకో బాధ. ప్రైవేటు బేరగాడు కల్లంలో పిడికెడు వడ్లు తీసి చూడకుండానే "మూసీ వడ్లేనా?" అని అడుగుతాడు. ఔనంటే రేటు దిగుతుంది. మా ఆకుకూర, మా గడ్డి తిన్న బర్రె పాలు, మా చెరువులో చేప, అన్నిటికీ అదే మర్యాద. అంగట్లో కూర్చున్న అవ్వ "మూసీది కాదు బిడ్డా, బోరు నీళ్లది" అని ముందే చెప్పుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. ఈ నీళ్లు మాకు కావాలి. మా తాతల కాలంలో ఎండాకాలం వస్తే మూసీలో ఇసుకే మిగిలేది, చెలిమెలు తోడుకొని తాగేవాళ్లని మా నాయన చెప్తాడు. పట్నం పెరిగిన కొద్దీ వాగు ఎండడం మానేసింది. బునాదిగాని కాల్వ, పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డి కాల్వ, ఆసిఫ్‌నహర్ కింద ఇవాళ వానాకాలమూ యాసంగీ రెండు కార్లూ వరి పండుతున్నదంటే అది పట్నం మురుగు పుణ్యమే. పక్క మండలాల్లో ఐదారు వందల అడుగులు బోరేసి, చుక్క పడక అప్పులపాలైన రైతు మమ్మల్ని చూసి "మీకేం, మూసీ ఉంది" అంటాడు. అందుకే మూసీని శుద్ధి చేస్తామని ఎవరైనా అంటే మా ఊళ్లో సంబరంతో పాటు అనుమానం కూడా మొదలవుతుంది. పట్నంలో ఆపుకొని పడవలు తిప్పుకుంటారా, మా కత్వకు నీళ్లొస్తాయా అని. మేం అడిగేది నీళ్లు ఆపమని కాదు, కడిగి పంపమని.

నల్లగొండకు చెడ్డనీళ్లు కొత్త కాదన్న సంగతి దేశమంతా ఎరుగుదురు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు ఇంటింటికీ వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఆ ఫ్లోరైడ్ నేల కింది బండలో ఉన్నది. సర్కారు నీళ్లు ఆలస్యంగా ఇచ్చిందని తిట్టుకోవచ్చు గానీ, బండ మీద కేసు పెట్టలేం. మూసీ సంగతి అట్లా కాదు. దీంట్లో పడే ప్రతి చుక్కకూ ఒక గేటు ఉంది, ఒక పైపు ఉంది, ఆ గేటుకూ పైపుకూ అనుమతి ఇచ్చిన కాగితం ఉంది, కాగితం కింద సంతకం ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. నదిని ఎవరు చెడగొట్టారని అడిగితే మనకు చేతికి దొరికినవాణ్ని చూపిస్తున్నారు. చూపించాల్సింది సంతకం పెట్టినవాణ్ని.

చేతికి దొరికినవాడు ఎవరో ఒక రాత్రి మా పక్క ఊళ్లో చూశాను. వాగు ఒడ్డున లైట్లార్పి నిలబడ్డ ట్యాంకర్‌ను కుర్రాళ్లు ఆపారు. తొడంత లావు పైపు ఒకటి తుమ్మచెట్ల నడుమ నుంచి వాగులోకి వేసి ఉంది. వాల్వు ఇంకా తెరిచే ఉంది. పసుపుపచ్చ నీళ్లు, నెయిల్ పాలిష్ సీసా మూత తీసిన వాసన. ట్యాంకర్ మీద కంపెనీ పేరు లేదు, వెనక నంబర్ ప్లేటు మీద బురద మెత్తి ఉంది. డ్రైవర్‌కు పాతికేళ్లు కూడా ఉండవు. కొట్టబోతున్నారని భయపడి "అన్నా, నాకేం తెల్వదన్నా, ఏడ పొయ్యమంటే ఆడ పోస్త, ట్రిప్పుకింత అని ఇస్తరు" అని ఒకటే ఏడుపు. ఎక్కడ నింపుకొచ్చావంటే నోరు విప్పలేదు. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు. పోలీసులొచ్చారు, ట్యాంకర్‌ను తీసుకుపోయారు. తెల్లారి జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త: డ్రైవర్‌పై కేసు. ఆ వ్యర్థం ఎక్కడిదో ఆ వార్తలో లేదు, తర్వాత కూడా రాలేదు.

అందరూ అనేది ఏమిటంటే, ట్యాంకర్ దొరికినా అది ఏ ఫ్యాక్టరీదో నిరూపించడం కష్టమని. నాకు నవ్వొస్తుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చదివితే మీకూ వస్తుంది. ప్రమాదకర వ్యర్థం ఫ్యాక్టరీ గేటు దాటి పోవాలంటే దాంతోపాటు మ్యానిఫెస్ట్ అనే కాగితం పోవాలి. ఏడు ప్రతులు, ఒక్కోటి ఒక్కో రంగు. పంపేవాడి దగ్గర ఒకటి, తీసుకుపోయేవాడి దగ్గర ఒకటి, దించుకునే శుద్ధి కేంద్రం దగ్గర ఒకటి. సరుకు చేరాక, చేరిందని సంతకం పెట్టిన ప్రతి ఒకటి ఫ్యాక్టరీకి తిరిగొస్తుంది, ఇంకోటి కాలుష్య నియంత్రణ మండలికి పోతుంది. అంటే ట్యాంకర్ నిండుగా గేటు దాటి, శుద్ధి కేంద్రానికి చేరకుండా మా వాగులో ఖాళీ అయితే, ఆ రోజు కాకపోయినా వారం తిరిగేలోపు రెండు చోట్ల తెలిసిపోవాలి. ఫ్యాక్టరీకి తిరిగి రావాల్సిన కాగితం రాలేదు. మండలికి రావాల్సిన ప్రతి రాలేదు. తెలియలేదంటే కాగితమే రాయలేదన్న మాట, లేదా దొంగ సంతకంతో వచ్చిందన్న మాట. ఈ రెంటిలో ఏదైనా పాతికేళ్ల డ్రైవర్ చేసిన పని కాదు.

అదే నిబంధనల్లో 23వ నిబంధన ఇంకా సూటిగా ఉంది. వ్యర్థాన్ని సరిగా చూసుకోకపోవడం వల్ల పర్యావరణానికి గానీ మూడో మనిషికి గానీ నష్టం జరిగితే, దాన్ని పుట్టించినవాడూ పారబోతకు తీసుకున్న కేంద్రం నడిపేవాడూ బాధ్యులు. మూడో మనిషి ఎవరంటే మేమే. పుట్టించినవాడు ట్యాంకర్ మాట్లాడి పంపేశాను, నా పనైపోయింది అంటే చట్టం ఒప్పుకోదు. మేం మాత్రం ఒప్పుకుంటున్నాం. పట్టుబడ్డవాణ్ని నాలుగు తన్ని, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి ఇంటికొచ్చేస్తున్నాం.

రసాయనాల ట్యాంకర్లు రాత్రిపూట దొంగతనంగా వస్తాయి కాబట్టి వాటి మీద కోపం తొందరగా వస్తుంది. మూసీలో ఎక్కువ భాగం మురుగు మాత్రం పట్టపగలు, సర్కారు కట్టిన నాలాల్లోనే వస్తుంది. నాలుగైదేళ్ల కింద లెక్క చెప్పినప్పుడు జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజూ పుట్టే మురుగు 165 కోట్ల లీటర్లని, ఉన్న శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లని అన్నారు. సగం కూడా లేదు. మిగతాది అచ్చంగా అట్లాగే మా కత్వకు వచ్చేదన్న మాట. 2021లో మరో 31 శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్లు మంజూరు చేశారు. మంచిదే. కానీ పట్నంలో నివాసాలకు అనుమతిచ్చి, నల్లా కనెక్షన్ ఇచ్చి, బిల్లులో మురుగు సెస్ అని ఒక పద్దు వేసి వసూలు చేసినప్పుడే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో తెలుసు కదా? ముప్పై అంతస్తుల అపార్టుమెంటుకు ప్లాన్ మీద సంతకం పెట్టిన రోజే దాని మురుగు మీద కూడా సంతకం పెట్టినట్టు.

ఇక్కడ నా పట్నం స్నేహితులు ఒకటంటారు: "ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురంలో ఉన్నదంతా మీ నల్లగొండోళ్లే కదా, మీ మురుగే మీకొస్తున్నది." నిజమే. మా పెదనాయన కొడుకు నాగోల్‌లో ఉంటాడు. వాడి ఇంట్లోంచి పోయిన నీళ్లు వాడి పొలానికే చేరుతాయి, కౌలుకిచ్చాడు కాబట్టి వాడి కాళ్లకు అంటదు. కానీ వాడు చేయగలిగేదేముంది? సబ్బు తక్కువ వాడాలా? మోరీలో ప్లాస్టిక్ వేయొద్దనడం, చికెన్ షాపు వ్యర్థాలు వాగులో పోయొద్దనడం సరే, చెప్పాల్సిందే. అందులో మా ఊళ్లకూ వాటా ఉంది. కోళ్ల పేగులూ ఈకలూ సంచుల్లో కట్టి రాత్రిపూట బ్రిడ్జి మీంచి విసిరేసేవాళ్లు మావాళ్లే. నల్లగొండ, భువనగిరి, సూర్యాపేట మున్సిపాలిటీల మురుగు కూడా ఏదో ఒక వాగు పట్టుకొనే పోతుంది. వాటిని సమర్థించడం లేదు. కానీ ప్రజల్లో అవగాహన రావాలి అని బ్యానర్ కట్టి, బడిపిల్లల చేత ర్యాలీ తీయించి, ఆ ర్యాలీని జెండా ఊపి ప్రారంభించే అధికారి ఎవరో చూడండి. శుద్ధి కేంద్రం లేకుండా అనుమతులిచ్చిన శాఖవాడే. అవగాహన ఎవరికి రావాలి?

చట్టంలో దీనికీ జవాబుంది. 1974 జల చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి నదిలోకి కాలుష్యాన్ని వదలకూడదు, వదలనివ్వకూడదు కూడా. 'వదలనివ్వకూడదు' అన్న చోటే అధికారులూ వస్తారు. అదే చట్టంలో 48వ సెక్షన్, ప్రభుత్వ శాఖ తప్పు చేస్తే ఆ శాఖాధిపతినే దోషిగా చూడాలని చెప్పింది. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి చేయగలిగిందంతా చేశాననో అతనే నిరూపించుకోవాలి. యాభై ఏళ్లుగా ఉన్న సెక్షన్ ఇది. మూసీ విషయంలో ఒక శాఖాధిపతి కోర్టు బోనెక్కాడని మా ఊళ్లో ఎవరూ వినలేదు. 2024లో కేంద్రం ఈ చట్టాన్ని సవరించింది. చాలా తప్పులకు జైలు తీసేసి జరిమానాలు పెట్టింది, 10 వేల నుంచి 15 లక్షల దాకా. శాఖాధిపతికైతే ఒక నెల మూలవేతనం. మొదట హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్‌కూ, కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తింపజేశారు, మిగతా రాష్ట్రాలు శాసనసభలో తీర్మానం చేసి ఒప్పుకోవచ్చు. ఒక నది చచ్చిపోతే ఒక నెల జీతం! ఉపాధిహామీ మస్టరులో తప్పు రాసిన మేట్‌కు కూడా ఇంతకంటే ఎక్కువ టెన్షన్ ఉంటుంది.

డబ్బు లేదంటారు. ఆ మాటకు సుప్రీంకోర్టు 1980లోనే జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్లో మోరీలు కట్టమని జనం కోర్టుకు పోతే మున్సిపాలిటీ డబ్బు లేదంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారు. జనం ఆరోగ్యం చూడటానికే మున్సిపాలిటీ ఉన్నది, డబ్బు తర్వాత మాట. ఆ తీర్పు వచ్చిన తర్వాతే హైదరాబాద్ ఇంత పెరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు కట్టింది ఆ తర్వాతే, మెట్రో వేసింది ఆ తర్వాతే. ఫ్లైఓవర్ల లెక్కైతే ఎవరూ పెట్టుకోరు. డబ్బు లేకపోవడం మురుగు దగ్గరే గుర్తొస్తుంది.

సరే, కోర్టులు జరిమానా వేస్తాయి కదా అంటే, అదీ చూశాం. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఘన, ద్రవ వ్యర్థాలను సరిగా చూసుకోనందుకు తెలంగాణకు సుమారు 3,800 కోట్ల పరిహారం వేసింది. పేపర్లో చదివి మా ఊళ్లో కొందరు సంతోషపడ్డారు. ఎవరు కడతారు? రాష్ట్రం. రాష్ట్రం డబ్బు ఎవరిది? మాది. ఎవరికి కడతారు? రాష్ట్రం తానే వేరే ఖాతాలో వేసి, వ్యర్థాల పనులకే ఖర్చు పెట్టుకోవాలి. కాళ్లు పాచిపోయిన ఆడమనిషి కొన్న సబ్బుబిళ్ల మీద పన్నులోంచి ఆమె నష్టానికి జరిమానా పోతుందన్న మాట, అది కూడా ఆమె చేతికి రాదు. ప్రభుత్వం మీద వేసిన జరిమానాలో మనిషి పేరు ఉండదు. పేరు లేని చోట భయం ఉండదు.

కంపెనీల దగ్గర పేర్లుంటాయి గానీ కాలం వాళ్ల చేతిలో ఉంటుంది. రాజస్థాన్‌లో బిచ్ఛ్‌రీ అనే ఊరి బావులు రసాయనాలతో పాడైతే, చెడగొట్టినవాడే నష్టం కట్టాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. లా కాలేజీల్లో అందరూ చదివే తీర్పు. ఆ డబ్బు, 37 కోట్ల చిల్లర, కట్టాల్సిందే అని అదే కోర్టు మళ్లీ 2011లో చెప్పాల్సి వచ్చింది. పిటిషన్ మీద పిటిషన్ వేసి అన్నేళ్లు నెట్టుకొచ్చారు. ఆ మధ్యలో పుట్టిన పిల్లలు పదో తరగతికొచ్చారు.

పటాన్‌చెరు కథ మాకు ఇంకా దగ్గర. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగును, చుట్టూ చెరువుల్ని పాడుచేశాయని 1980ల నుంచి డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు జనంతో కలిసి కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి చేశాక! మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేటప్పుడు పటాన్‌చెరు పేరు రావడం అప్పుడే మొదలైంది. మరి దీనికి మనవాళ్లు కనిపెట్టిన పరిష్కారం ఏమిటి? పటాన్‌చెరు నుంచి అంబర్‌పేటకు 18 కిలోమీటర్ల పైపులైను. శుద్ధి చేసిన ఫ్యాక్టరీ నీళ్లను అంబర్‌పేటలో పట్నం మురుగులో కలిపి, ఇంకోసారి శుద్ధి చేసి మూసీలో వదలడం.

నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. మూసీ కృష్ణలో. గోదావరి వైపు పోయే విషాన్ని పైపేసి కృష్ణ వైపు తిప్పారు. పటాన్‌చెరు జనానికి న్యాయం జరగాల్సిందే, వాళ్లు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ వాళ్ల సమస్య తీర్చడమంటే మా ఇంటి ముందుకు తేవడమని ఎవరు నిర్ణయించారు? పోచంపల్లిలోనో వలిగొండలోనో చాటింపు వేసి, పట్నం ఫ్యాక్టరీల నీళ్లు మీ కాల్వల్లోకి వస్తాయి, మీకు సమ్మతమేనా అని అడిగారని నేను వినలేదు. ఆ పైపులైను మీద కూడా సంతకాలున్నాయి.

ఇంకో చిక్కు. పట్నం నుంచి ఇక్కడికొచ్చేసరికి వందల నాలాల నీళ్లు కలిసిపోతాయి. చెరువులో చేపలు తెల్లారేసరికి తెల్లకడుపులు పైకి పెట్టి తేలితే, ముదిరాజ్ సంఘం వాళ్లు ఏ ఫ్యాక్టరీ చుక్క వల్ల చచ్చాయో చెప్పాలట. చెప్పకపోతే ఆక్సిజన్ తక్కువై చచ్చాయని రాసి ఫైలు మూసేస్తారు. ఆక్సిజన్ ఎందుకు తక్కువైందో రాయరు. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచేదే బీవోడీ. స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటొద్దు. 30 దాటిన నదీ భాగాల్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అన్నిటికంటే చెడ్డవాటి కింద రాస్తుంది. 2018లో హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీని ఆ వరుసలోనే రాసింది. చేపకు ఊపిరాడనిది అందుకు. ప్రభుత్వ సంస్థే కాగితం మీద ఒప్పుకున్నదాన్ని చేపలు పట్టేవాడు ఎందుకు నిరూపించాలి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పింది మా మూసీ ఎగువన పుట్టిన కేసులోనే. 1908 వరద పట్నాన్ని ముంచేశాక విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ చెరువుల పరీవాహకంలో నూనె ఫ్యాక్టరీ పెట్టుకుంటామని ఒక కంపెనీ వస్తే కాలుష్య నియంత్రణ మండలి వద్దంది, తగువు పైకోర్టుల దాకా పోయింది. 1999లో జస్టిస్ జగన్నాథరావు రాసిన తీర్పు ఏమందంటే, హాని జరగదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే, అనుమానపడ్డ జనం కాదు. పట్నం తాగే చెరువు కోసం వచ్చిన తీర్పు అది. పట్నం దాటి కిందికొచ్చిన మూసీకి అదే న్యాయం ఎందుకు వర్తించదు? మా చేపలు చస్తే, ఆ వారంలో ఏ గేటు నుంచి ఎంత పోయిందో ఎగువనున్న ప్రతివాడూ లెక్క తెచ్చి చూపించాలి. చూపించనివాడే కట్టాలి. మా దగ్గర ల్యాబు లేదు, మీటరు లేదు. వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి, ఆన్‌లైన్ మీటర్లతో సహా.

2024 చివర్లో మూసీ ఒడ్డున పట్నంలో పేదల ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులేశారు. చాదర్‌ఘాట్, మూసానగర్ దిక్కు కొన్ని కూల్చారు. ఆ ఇండ్లు నదిలో కట్టినవే కావచ్చు, వరదొస్తే వాళ్లకే ప్రమాదం కావచ్చు, అది వేరే చర్చ. నది శుద్ధికి మొట్టమొదట కనిపించినవి ఆ రేకుల ఇండ్లే కావడం మాత్రం నాకు మింగుడు పడలేదు. ట్యాంకర్ దగ్గర డ్రైవర్ దొరికినట్టే, నది దగ్గర వాళ్లు దొరికారు. ఆ నవంబరులోనే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి తన పుట్టినరోజున మా వలిగొండ మండలం సంగెంలో మూసీ ఒడ్డున పాదయాత్ర చేశారు. పట్నంలో కాకుండా ఇక్కడికొచ్చి నడిచినందుకు మెచ్చుకోవాల్సిందే, వాసన ఆయనకూ తగిలే ఉంటుంది. ఆ రోజు ఒడ్డున మాట్లాడిన రైతులు అడిగిందీ ఇదే, శుద్ధి నీళ్లు పంపండని. ఒడ్డున పార్కులూ రోడ్లూ తర్వాత వేసుకోవచ్చు. మొదటి రూపాయి నాలా మూతి దగ్గర ఖర్చు పెట్టాలి, ఏ నాలాకు ఏ ఇంజినీరు బాధ్యుడో అక్కడే బోర్డు రాసి పెట్టాలి. మా ఊళ్లో సీసీ రోడ్డు వేసినా కాంట్రాక్టర్ పేరు, అంచనా విలువ బోర్డు మీద రాస్తారు. 33 కోట్ల లీటర్లకు పైగా మురుగు శుద్ధి చేసే అంబర్‌పేట కేంద్రం నుంచి బయటికి పోయే నీళ్లకు పేరు ఎందుకుండకూడదు?

మా ఊరి కుర్రాళ్లూ నేనూ కలిసి ఒక పని మొదలుపెట్టాం. సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు రాశాం. పది రూపాయల స్టాంపు, ఒక కాగితం. ఆ ట్యాంకర్ నంబరు, పట్టుబడ్డ తేదీ, స్టేషన్‌లో రాసిన ఎఫ్‌ఐఆర్ నంబరు ఇచ్చాం. ఆ తేదీకి ముందూ వెనకా వారంలో ఆ నంబరు బండి మీద జారీ అయిన మ్యానిఫెస్టులన్నిటి నకళ్లు ఇవ్వమన్నాం. ఆ బండిలో వ్యర్థం పంపినవాళ్లలో ఎవరికి చేరినట్టు సంతకం పెట్టిన ప్రతి తిరిగి రాలేదో, అట్లా రానప్పుడు మండలిలో ఏ అధికారి ఏ తేదీన వాళ్లను అడిగాడో రాసివ్వమన్నాం. మా పోలీసుస్టేషన్ నుంచి నమూనా ల్యాబుకు పోయిందా, పోతే రిపోర్టు నకలు. చివరగా, కత్వ పైన ఉన్న నమూనా కేంద్రంలో గత మూడేళ్లలో నెలనెలా తీసిన బీవోడీ అంకెలు, తీసినవాళ్ల హోదాలతో సహా.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు, దాని తర్వాత సమాచార కమిషన్. ఎవరి దగ్గరైనా ఇట్లాంటి ట్యాంకర్ నంబర్లూ తేదీలూ ఉంటే, మీ మండలంలో మీరే వేయండి. దరఖాస్తు నమూనా అడిగినవాళ్లకు పంపిస్తాను. డ్రైవర్ పేరు మాత్రం అందులో రాయకండి, అది వాళ్లకు ఇప్పటికే తెలుసు.